చూడగానే తెలిసినప్పుడు ‘చూద్దాం’ అనొద్దు

ఆఫీసుల్లో రోజుల తరబడి నానేవి పెద్ద విషయాలు కావు. పెద్దవాటికి మీటింగు ఉంటుంది, గడువు ఉంటుంది, పైనుంచి ఫోన్లు వస్తాయి. నానేవన్నీ చిన్నవే. ప్రింటరుకు టోనరు ఎక్కడ తెప్పించాలి, శనివారం షిఫ్టుకు ఎవరిని వేయాలి, కస్టమరు తిప్పి పంపిన సరుకు తీసుకోవాలా వద్దా, కొత్తగా చేరిన అమ్మాయిని ఎవరి దగ్గర పని నేర్చుకోమనాలి. అడిగినవాళ్లకు జవాబు ఇంచుమించు తెలుసు. చెప్పాల్సిన ఆయనకూ తెలుసు. అయినా ‘‘చూద్దాంలెండి’’ అంటాడు. అది రేపటికి పోతుంది, రేపటి నుంచి వచ్చే సోమవారానికి పోతుంది.

దీన్ని మనం జాగ్రత్త అంటాం. నన్నడిగితే ఇందులో చాలా వరకు భయమే. రేపు తేడా వస్తే నా మెడకు చుట్టుకుంటుందేమో అన్న భయం. జాగ్రత్త ఏదో, భయం ఏదో కనిపెట్టడం కష్టమేమీ కాదు. నిజంగా ఆలోచిస్తున్న మనిషి ఆ గంటలో ఏదో ఒకటి కొత్తగా తెలుసుకుంటాడు. పాత బిల్లు తీయిస్తాడు, ఒకరికి ఫోను చేస్తాడు, స్టోరుకు వెళ్లి చూసి వస్తాడు. మీనమేషాలు లెక్కపెట్టే మనిషి వారం తర్వాత కూడా మొదటి రోజు తెలిసినదానితోనే కూర్చుని ఉంటాడు. ఆ వారం నష్టపోయేది ఆయన కాదు, జవాబు కోసం ఎదురుచూసినవాళ్లు.

ఏళ్ల తరబడి చేస్తున్న పనిలో చూడగానే తట్టిన జవాబుకు విలువ ఉంది. దాన్ని పక్కన పెట్టి నాన్చడం తెలివి కాదు. అయితే ఏ పనిలో ఆ స్ఫురణను నమ్మాలి, ఏ పనిలో నమ్మకూడదు అన్నది ముందు తేల్చుకోవాలి. అది తేల్చుకోకుండా ‘నా మనసు చెప్పింది’ అని దూకేవాళ్లు చేసే నష్టం, నాన్చేవాళ్లు చేసేదానికి ఏమాత్రం తీసిపోదు.

గ్యారీ క్లైన్ అనే అమెరికన్ మనస్తత్వ పరిశోధకుడు 1980ల మధ్యలో అగ్నిమాపక దళాల నాయకుల వెంట పడ్డాడు. క్షణాల మీద ప్రాణాలు పోయే చోట మనిషి ఎలా నిర్ణయిస్తాడో తెలుసుకోవాలని అక్కడి సైన్యం ఆ పరిశోధనకు డబ్బు ఇచ్చింది. ఎంత తొందరలో ఉన్నా కనీసం రెండు దారులైనా పక్కపక్కన పెట్టి చూసుకుంటారని క్లైన్ అనుకున్నాడు. తీరా అడిగితే, తాము నిర్ణయాలే తీసుకోమని, ఏం చేయాలో చూడగానే తెలిసిపోతుందని వాళ్లు చెప్పారు. వినడానికి గొప్పలు పోతున్నట్టే ఉంటుంది. క్లైన్ బృందం ఒక్కొక్క సంఘటననూ తవ్వి తవ్వి అడిగితే అసలు సంగతి బయటపడింది. మంటను చూడగానే అది ఏ తరహాదో వాళ్లు గుర్తుపడతారు. గుర్తుపట్టగానే చేయాల్సిన పని ఒకటి తడుతుంది. దాన్ని ఒక్కసారి మనసులోనే నడిపించి చూస్తారు. ఎక్కడా అడ్డు తగలకపోతే అదే చేసేస్తారు. అడ్డు తగిలితే కొంచెం మారుస్తారు, అప్పటికీ కుదరకపోతే ఇంకొకటి. పది దారులు రాసుకుని మార్కులు వేసుకోవడం ఎక్కడా లేదు.

ఆ సంఘటనల్లో ఒకటి చాలా పుస్తకాలకు ఎక్కింది. ఒక ఇంట్లో వెనక వంటింటి వైపు మంట. దళం హాల్లో నిలబడి నీళ్లు కొడుతోంది. మంట తగ్గాల్సినంత తగ్గడం లేదు. దళనాయకుడికి ఏదో తేడాగా అనిపించింది. ఏమిటో తెలియదు. అందర్నీ బయటికి పొమ్మన్నాడు. వాళ్లు బయటపడిన కాసేపటికే అంతవరకు నిలబడి ఉన్న నేల కూలిపోయింది. అసలు మంట కింద నేలమాళిగలో ఉంది. అక్కడ నేలమాళిగ ఉందనే ఆయనకు తెలియదు. తనకేదో అతీంద్రియ శక్తి ఉందని ఆయన చాలాకాలం నమ్మాడు. క్లైన్ ఆ రోజు సంగతులు విడమరిచి అడిగాక తేలింది ఇది: వంటింట్లో చిన్న మంటకు హాలు అంత వేడెక్కకూడదు, అంత వేడి పుట్టించే మంట అంత నిశ్శబ్దంగా ఉండకూడదు. కింద ఉన్న మంట చప్పుడును మధ్యలో ఉన్న నేల మింగేసింది. ఆయన అనుభవానికి ఈ లెక్క కుదరలేదు. ఎందుకు కుదరలేదో తెలియకముందే కాళ్లు కదిలాయి.

స్ఫురణ అంటే గుర్తుపట్టడమేనని, అంతకుమించి అందులో మాయ లేదని 1978లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న హెర్బర్ట్ సైమన్ వాదించేవాడు. ఆయన, విలియం చేజ్ కలిసి 1973లో ప్రచురించిన చదరంగం ప్రయోగాలు అందుకు సాక్ష్యం. నిజమైన ఆటలోని బల్లను ఐదు సెకన్లు చూపిస్తే గొప్ప ఆటగాడు చాలా పావులను ఎక్కడివక్కడ తిరిగి పేర్చగలిగాడు. కొత్తవాడికి నాలుగైదు పావులు కూడా కష్టమయ్యాయి. అవే పావులను అడ్డదిడ్డంగా పేర్చి చూపిస్తే గొప్ప ఆటగాడి ఆధిక్యం దాదాపు మాయమైపోయింది. అంటే ఆయనకున్నది గొప్ప జ్ఞాపకశక్తి కాదు, వేల ఆటల పరిచయం.

ఇలాంటి చూపు చూడాలంటే చదరంగం దాకా పోనక్కర్లేదు, గుంటూరు మిర్చి యార్డులో ఒక పూట నిలబడితే చాలు. ఖరీదుదారు టిక్కీ (మిర్చి బస్తా) మూతి దగ్గర నుంచి చెయ్యి లోపలికి దూరుస్తాడు. పైన ఉన్న కాయ ముట్టుకోడు. పైన మంచి కాయ పేర్చడం యార్డులో అందరికీ తెలిసిన విద్యే. గుప్పెడు తీసి వెలుతురుకు పట్టి రంగు చూస్తాడు. ఒక కాయను ఆడించి గింజ గలగల వింటాడు. ఇంకోదాన్ని వంచుతాడు. ఎండిన కాయ ఫటుక్కున విరుగుతుంది, తేమ ఉన్నది వంగుతుంది కానీ విరగదు. తాలు ఎంత కలిసిందో చేతిలో ఉన్నదాన్ని బట్టే అంచనా కట్టేస్తాడు. ధర చెప్పి పక్క లాటు దగ్గరికి పోతాడు. ఇదంతా మనం సెల్లు తీసి టైము చూసుకునేంతలో అయిపోతుంది. ఎలా చెప్పగలిగావని అడిగితే ‘‘కాయ చూస్తే తెలియదా’’ అంటాడు తప్ప వివరంగా చెప్పలేడు.

ఆ కన్ను అంత పదునెక్కడానికి కారణం తెలివితేటలు ఒక్కటే కాదు. తేమ ఎక్కువున్న కాయను ఎండిన కాయ ధరకు కొంటే అది గోదాములో రంగు మారుతుంది, బూజు పడుతుంది, తూకం తగ్గుతుంది. ఆ నష్టం ఆయన జేబులోంచే పోతుంది, అదీ కొద్ది రోజుల్లోనే. ఇవాళ వేసిన అంచనా తప్పో ఒప్పో త్వరలోనే తెలిసిపోతుంది. ఏళ్ల తరబడి రోజూ ఇదే జరిగితే ఎవరి కన్నయినా పదునెక్కుతుంది.

పంపుహౌసులో పాత మెకానిక్కు కూడా అంతే. పొడుగాటి స్క్రూడ్రైవరు కొన బేరింగు హౌసింగు మీద ఆనించి పిడికి చెవి పెడతాడు. లోపల గులకరాళ్లు దొర్లుతున్నట్టు వినిపిస్తే బేరింగును వదిలేసి సక్షన్ లైను చూడమంటాడు. నీళ్లు సరిగా అందక పంపులో బుడగలు పుట్టి పగులుతుంటే వచ్చే చప్పుడు అది. కొత్త ఇంజనీరు వైబ్రేషను రిపోర్టు తెప్పించేలోపు ఆయన స్ట్రెయినరు విప్పేసి ఉంటాడు.

ఇంతకీ ఎవరి స్ఫురణను నమ్మాలి? దీనికి దొరికిన మంచి జవాబు ఇద్దరు ప్రత్యర్థులు కలిసి రాసినది. క్లైన్ అనుభవజ్ఞుల స్ఫురణను మెచ్చుకునే మనిషి. 2002లో నోబెల్ పొందిన డేనియల్ కానెమన్ ఆ స్ఫురణలోని తప్పులు పట్టడంలోనే పేరు తెచ్చుకున్న మనిషి. కొన్నేళ్లు వాదించుకుని 2009లో ఇద్దరూ కలిసి ఒక పత్రం ప్రచురించారు. గొడవపడాలని కూర్చుంటే కుదరలేదన్న అర్థం వచ్చేలా దానికి పేరు పెట్టారు. ఇద్దరూ ఒప్పుకున్న షరతులు రెండే. ఒకటి, ఆ పనిలో మళ్లీ మళ్లీ కనిపించే ఆనవాళ్లు ఉండాలి. రెండు, తన అంచనా తప్పయినప్పుడు తప్పని తెలిసే అవకాశం ఆ మనిషికి పదే పదే దొరకాలి. ఈ రెండూ లేనిచోట ఎంత సర్వీసు ఉన్నా ఆ నమ్మకానికి విలువ లేదు. తన మీద తనకు ఎంత గట్టి నమ్మకం ఉందన్నది కొలబద్ద కానే కాదు.

మీ పనిని ఈ రెండు షరతుల ముందు పెట్టి చూసుకోండి. వార్డులో నర్సు, రూటు మీద బస్సు డ్రైవరు, కౌంటరు దగ్గర క్యాషియరు, వంట మాస్టరు, కాల్ సెంటర్లో ఫోనెత్తే అమ్మాయి, సాఫ్ట్‌వేర్ కంపెనీలో రాత్రిపూట సర్వరు పడిపోతే లేపే కుర్రాడు... వీళ్లందరికీ చేసిన పని ఫలితం గంటల్లో, రోజుల్లో కళ్లముందుకు వస్తుంది. వీళ్ల మనసుకు తట్టినదాన్ని గౌరవించాలి. వచ్చే ఏడాది ఏ షేరు పెరుగుతుంది, మూడేళ్ల తర్వాత ఏ వ్యాపారం నిలబడుతుంది అని చెప్పేవాళ్ల స్ఫురణకు మాత్రం అంత గౌరవం అక్కర్లేదు, ఎంత పెద్ద కుర్చీలో కూర్చున్నా సరే.

ఉద్యోగానికి మనుషుల్ని ఎంచడం ఈ రెండో జాబితాలోనే ఉంటుంది. ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా బోల్తా పడతారు. ‘‘మనిషి గుమ్మంలోకి రాగానే నేను చెప్పేస్తానండీ’’ అనే మేనేజర్లు ప్రతి కంపెనీలోనూ ఉంటారు. ఆయన వద్దన్నవాళ్లు మరో చోట చేరి ఎంత బాగా పనిచేస్తున్నారో ఆయనకు ఎప్పటికీ తెలియదు. తప్పు తెలిసే దారే లేని చోట కన్ను పదునెక్కేదెలా? పైగా గుమ్మంలో ఆయన గుర్తుపట్టేది పనితనాన్ని కాదు. యాస, ఊరు, చదివిన కాలేజీ, ఇంటిపేరు చెప్పే కులం. ‘మనోడే’ అనిపించగానే కలిగే హాయిని సరైన మనిషి దొరికాడన్న నమ్మకంగా పొరబడతాడు. ఇందులో దురుద్దేశం ఉండనక్కర్లేదు. పరిచయమైనదాన్ని మనసు ఇట్టే మెచ్చుకుంటుంది, అంతే. ఊరి యాసలో మాట్లాడే అమ్మాయి ‘కాన్ఫిడెన్సు లేదు’ అన్న రిమార్కుతో వెనక్కి వెళ్లడం వెనక ఉన్నది ఇదే.

దీనికి విరుగుడు కూడా కానెమన్ దగ్గరే ఉంది. 1955లో, తన 21వ ఏట, ఇజ్రాయెల్ సైన్యంలో కొత్తగా చేరేవాళ్లను ఇంటర్వ్యూ చేసే పద్ధతిని మార్చే పని ఆయనకు అప్పగించారు. అంతవరకు ఇంటర్వ్యూ చేసేవాళ్లు కాసేపు పిచ్చాపాటీ మాట్లాడి ఒక అభిప్రాయానికి వచ్చేవారు. ఆ అభిప్రాయాలు దేనికీ పనికిరావని అప్పటికే తేలిపోయింది. ఆయన ఆరు లక్షణాలు తీసుకుని, ఒక్కోదానికీ గతంలో ఏం చేశారో అడిగే ప్రశ్నలు రాసి, ఒకదానికి మార్కు వేశాకే తర్వాతదానికి వెళ్లమన్నాడు. మమ్మల్ని మరమనుషుల్ని చేస్తున్నావని వాళ్లు మండిపడ్డారు. సరే, ఆరూ అయ్యాక కళ్లు మూసుకుని ఈ కుర్రాడు సైనికుడిగా ఎలా ఉంటాడో ఊహించుకుని ఇంకో మార్కు వేయండి అన్నాడు. నెలల తర్వాత లెక్క చూస్తే ఆరు మార్కుల మొత్తం పాత పద్ధతికన్నా ఎంతో మెరుగ్గా పనిచేసింది. వింతేమిటంటే, కళ్లు మూసుకుని వేసిన మార్కు కూడా దానికి దీటుగా నిలిచింది. స్ఫురణ అదే, మనుషులు వాళ్లే. ముందు వివరాలు చూసి ఆ తర్వాత మనసు మాట వినడం ఒక్కటే మారింది. మీరు ఇంటర్వ్యూ బోర్డులో కూర్చుంటే చేయాల్సింది ఇంతే: ప్రశ్నలు ముందే రాసుకోండి, అందరినీ అవే అడగండి, ఒక్కోదానికీ అక్కడికక్కడే మార్కు వేయండి, మీ మనసు చెప్పేది చివర్లో వినండి.

బ్యాంకుల్లో, మందుల కంపెనీల్లో పనిచేసేవాళ్లు ఒక మాట అడుగుతారు. మాకు ప్రతిదానికీ రాసిపెట్టిన పద్ధతి, ఎస్‌ఓపీ, ఉంది, ఇందులో స్ఫురణకు చోటెక్కడిది అని. చోటుంది. 2009 జనవరి 15న న్యూయార్క్ లాగార్డియా నుంచి బయల్దేరిన విమానానికి పక్షుల గుంపు తగిలి రెండు ఇంజన్లూ శక్తి కోల్పోయాయి. కెప్టెన్ సలెన్‌బర్గర్ అప్పటికి దాదాపు 20 వేల గంటలు విమానం నడిపిన మనిషి. విమానం ఆ క్షణంలో కోపైలట్ చేతిలో ఉంది. కెప్టెన్ వెంటనే దాన్ని తన చేతిలోకి తీసుకుని, చెక్‌లిస్టు పని కోపైలట్ జెఫ్ స్కైల్స్‌కు అప్పగించాడు. తోకలో ఉండే ఏపీయూ అనే చిన్న ఇంజను, ప్రధాన ఇంజన్లు ఆగినా విమానానికి కరెంటు అందిస్తుంది. చెక్‌లిస్టులో దాని ప్రస్తావన బాగా కిందికి ఉంది. కెప్టెన్ మొదట్లోనే దాన్ని ఆన్ చేశాడు. పక్షులు తగిలిన 208 సెకన్లకు విమానం హడ్సన్ నది మీద దిగింది. అందులోని 155 మందీ బతికారు. ఆ చెక్‌లిస్టు ఎంతో ఎత్తులో ఇంజన్లు ఆగిపోతే వాడుకోవడానికి రాసినది. చదవడం పూర్తి చేసేంత సమయం వాళ్లకు లేదు. అయినా స్కైల్స్ చదవడం మానలేదు. ఒకరు రాసి ఉన్నదాన్ని పట్టుకున్నారు, ఇంకొకరు రాసిన వరుసకు ఆగకుండా తట్టినదాన్ని పట్టుకున్నారు.

మనందరం పైలట్లం కాదు కాబట్టి దీన్ని రోజువారీ పనికి ఎలా వాడుకోవాలో చెప్తాను. నియమం ఉన్నచోట స్ఫురణకు ఉన్న అధికారం ఆపడానికే, ముందుకు తోయడానికి కాదు. చెక్కు మీద సంతకం అంతా సరిగ్గానే ఉంది కానీ ఎక్కడో తేడాగా ఉందనిపిస్తే ఆపండి, ఖాతాదారుకు ఫోను చేయండి. బ్యాచ్ రంగు రోజూ ఉన్నట్టు లేదనిపిస్తే ఆపి పైవాళ్లకు చెప్పండి. టొయోటా కర్మాగారాల్లో లైను మీద పనిచేసే ఏ కార్మికుడైనా తేడా కనబడగానే సంకేతమిచ్చి పైవాళ్లను పిలవవచ్చు. వెంటనే సరికాకపోతే లైను ఆగుతుంది. పిలిచాడని ఎవరూ తప్పుపట్టరు. అయితే ‘ఏం కాదులే, నాకు తెలుసు’ అనిపించి రెండో సంతకం లేకుండా డబ్బు వదలడం, టెస్టు రిపోర్టు రాకముందే బ్యాచ్ పంపడం స్ఫురణ కాదు, తెగింపు. దానికి శిక్షలు ఉన్నాయి, ఉండాలి కూడా.

నియమాలు లేని చోట చూసుకోవాల్సింది ఒక్కటే: ఇది తప్పయితే వెనక్కి తీసుకోగలమా? అమెజాన్ స్థాపకుడు జెఫ్ బెజోస్ 2015 సంవత్సరానికి వాటాదారులకు రాసిన లేఖలో నిర్ణయాలను ఇలాగే రెండు రకాలుగా విడదీశాడు. కొన్నింటిలోకి అడుగు పెడితే తిరిగి రాలేం, వాటిని నిదానంగా తీసుకోవాలి. చాలావాటిలోంచి తిరిగి రావచ్చు, కాబట్టి త్వరగా తేల్చేయాలి. మరుసటి ఏడాది లేఖలో, కావలసిన సమాచారంలో 70 శాతం దొరికితే చాలా నిర్ణయాలు తీసుకోవచ్చని, 90 శాతం వచ్చేదాకా ఆగితే చాలా సందర్భాల్లో ఆలస్యమైపోతుందని రాశాడు. సూత్రం మంచిదే. టోనరు బాగోలేకపోతే వచ్చే నెల ఇంకో కంపెనీది తెప్పిస్తాం, షిఫ్టు కుదరకపోతే మారుస్తాం. ఉద్యోగం మానేయడం, భాగస్వామ్య పత్రం మీద సంతకం, ఒకరిని తీసేయడం, ఇల్లు తాకట్టు పెట్టి వ్యాపారంలో పెట్టడం మాత్రం రాత్రి నిద్రపోయి పొద్దున్నే మళ్లీ చూడాల్సినవి. కోపంలో ఉన్నప్పుడు, నిద్ర లేనప్పుడు చిన్నవి కూడా ఆపుకోవడం మేలు. రాజీనామా మెయిలు రాయండి, పంపకండి.

ఇక్కడ ఇంకో హెచ్చరిక. తొందర ఎవరిదో చూసుకోండి. ఫోనులో ‘‘మీ పేరు మీద పార్సిల్ పట్టుబడింది, వీడియో కాల్ కట్ చేయొద్దు, ఎవరికీ చెప్పొద్దు, ఇప్పుడే డబ్బు బదిలీ చేయండి’’ అంటే ఆ తొందర వాడిది, మీది కాదు. ‘డిజిటల్ అరెస్ట్’ అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. ‘‘ఎండీ గారు మీటింగులో ఉన్నారు, ఈ ఖాతాకు వెంటనే వేయమన్నారు’’ అని అకౌంట్స్ విభాగానికి వచ్చే వాట్సాప్ సందేశం కూడా ఇదే బాపతు. ఎవరైనా ఆలోచించే వ్యవధి ఇవ్వకుండా తరుముతున్నారంటే అదే ఆగడానికి కారణం. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయాలి. అక్కడ మాత్రం ఒక్క నిమిషం కూడా నాన్చకూడదు.

బెజోస్ లాంటివాళ్ల సూత్రాలతో నాకో పేచీ ఉంది. తప్పు చేసినా ఆయనను అడిగేవాళ్లు తక్కువ. మనలో చాలామందికి పైన ఒక సారు, ఆ సారుకు పైన ఇంకో సారు. ‘త్వరగా నిర్ణయించు’ అని చెప్పడం తేలిక, తేడా వస్తే మాట పడేది కిందివాడు. అందుకని కిందివాళ్లకు పనికొచ్చే ఉపాయం ఒకటి చెప్తాను. ‘‘ఏం చేయమంటారు సార్?’’ అని అడగడం మానేయండి. ఆ ప్రశ్నతో పని మొత్తం ఆయన నెత్తిన పడుతుంది, ఆయన ‘చూద్దాం’ అంటాడు. దాని బదులు ఇలా పంపండి: ‘‘సార్, తిరిగి వచ్చిన నాలుగు పెట్టెలు తీసుకుని క్రెడిట్ నోటు ఇస్తున్నాను. సీలు తీయలేదు, బిల్లు మనదే. వద్దనుకుంటే నాలుగింటిలోపు చెప్పండి.’’ ఇందులో ఏం చేస్తున్నారో ఉంది, ఎందుకో ఉంది, ఆపడానికి ఆయనకు వ్యవధి ఉంది. రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి మీ దగ్గర రాతపూర్వకంగా ఉంది. మీ పరిధిలో ఉన్నవాటికే ఇది. పరిధి దాటినవాటికి నాలుగింటి గడువు పెడితే సారు నాలుగింటికి మిమ్మల్నే పిలుస్తాడు.

ప్రభుత్వ ఆఫీసుల్లో ఇది ఇంత సులువు కాదని నాకు తెలుసు. ఆడిట్ వస్తుంది, ఏళ్ల కిందట రాసిన నోటుకు సంజాయిషీ అడుగుతారు. డబ్బు, టెండరు, భూమి ఉన్న ఫైళ్లలో నియమమే శరణ్యం. కానీ అర్జీ చేతికి రాగానే ఇది సాగే ఫైలా, ఆగే ఫైలా అన్నది పాత గుమాస్తాకు మొదటి పేజీలోనే తెలుస్తుంది. తెలిసినప్పుడు లోపాలన్నీ ఒకేసారి చీటీ మీద రాసి ఇచ్చేయొచ్చు కదా. ఇవాళ ఆధార్ కాపీ, వచ్చే వారం ఫోటో, ఆ తర్వాత అఫిడవిట్ అని తిప్పడం ఏ నియమంలోనూ లేదు.

చూపు ఇంకా పదునెక్కనివాళ్లు ఏం చేయాలి? ఫలితం తెలియకముందే మీ అంచనా ఒక చోట రాసి పెట్టుకోండి. ఈ కస్టమరు డబ్బు ఎప్పటికి కడతాడు, ఈ పని ఎన్ని రోజులు పడుతుంది, ఈ కంప్లైంటు మూలం ఏమై ఉంటుంది. ఫోనులో ఒక్క వాక్యం చాలు. ఫలితం వచ్చాక తెరిచి చూడండి. రాసి పెట్టకపోతే మన మనసు మహా గడుసుది, ‘నేను ముందే అనుకున్నా’ అంటుంది. కొన్ని నెలలు ఇలా చేస్తే మీరు ఏ విషయంలో నమ్మదగిన మనిషో, ఏ విషయంలో కాదో మీకే తెలిసిపోతుంది. వసూళ్ల సంగతిలో మీ అంచనా గురి తప్పదు, గడువుల సంగతిలో ఎప్పుడూ తక్కువ చెప్తారు... ఇలా ఏదో ఒకటి బయటపడుతుంది.

రెండోది, పెద్దవాళ్లను అడిగే పద్ధతి. ‘‘మీకు ఎలా తెలుస్తుంది అన్నా?’’ అంటే ‘‘చూస్తే తెలుస్తుంది తమ్ముడూ’’ అనే అంటారు. క్లైన్‌తో కలిసి పనిచేసిన బెత్ క్రాండల్ అనే పరిశోధకురాలు, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో నర్సులను అడిగినప్పుడు కూడా ఇలాంటి జవాబే వచ్చింది. బిడ్డకు ఇన్‌ఫెక్షను సోకిందని రక్తపరీక్ష తేల్చకముందే వాళ్లలో కొందరికి తెలిసేది, ఎలా తెలిసిందో మాత్రం చెప్పలేకపోయారు. ఫలానా రోజు ఫలానా బిడ్డ దగ్గర ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పమంటే ఆనవాళ్లు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. వాటిలో కొన్ని అప్పటికి పాఠ్యపుస్తకాల్లో కూడా లేవు. కాబట్టి మీ సీనియరును సూత్రాలు అడక్కండి, ఒక సంఘటన అడగండి. ‘‘మొన్న ఆ లారీ లోడు వెనక్కి పంపేశారు కదా, ముందుగా మీ కంట్లో పడింది ఏమిటి?’’ అనండి. టీ తాగుతూ చెప్పేస్తారు. రిటైరవబోతున్నవాళ్ల దగ్గర ఈ పని తొందరగా చేయాలి. శాలువా కప్పి పంపేశాక ఆ ఆనవాళ్లు చెప్పేవాళ్లు ఉండరు.

చివరి మాట మేనేజర్లకు, యజమానులకు. మీ దగ్గర పనిచేసేవాళ్లు చొరవ చూపడం లేదని విసుక్కునే ముందు, ఎంత వరకు చొరవ చూపవచ్చో వాళ్లకు ఎప్పుడైనా చెప్పారేమో చూసుకోండి. అతిథికి కలిగిన ఇబ్బంది తీర్చడానికి పైవాళ్లను అడక్కుండా 2,000 డాలర్ల దాకా ఖర్చు పెట్టే అధికారాన్ని రిట్జ్ కార్ల్‌టన్ హోటళ్లు తమ సిబ్బందిలో ప్రతి ఒక్కరికీ ఇచ్చాయి. మన చిన్న షాపుల్లో, ఆఫీసుల్లో అంత అక్కర్లేదు. కౌంటరు కుర్రాడికి 500 రూపాయలు, సూపర్‌వైజరుకు 5,000, బ్రాంచి మేనేజరుకు ఇంకాస్త. ఆ అంకె, అందులో ఏమేం వస్తాయో ఒక కాగితం మీద రాసి, సంతకం చేసి ఇవ్వండి. ఆ హద్దులో తీసుకున్న నిర్ణయం ఒకటి తప్పయినప్పుడు పదిమందిలో తిట్టకండి, పక్కకు పిలిచి ఏం చూసి అలా అనుకున్నాడో అడగండి. ఈ రెండూ చేయలేని యజమానికి ‘మావాళ్లు ప్రతిదానికీ నన్నే అడుగుతారు’ అనే హక్కు లేదు.